చప్పుడు చేయని పిడి

తూటాలు నింపడం డెల్మర్ పని, కాల్చడం ఆర్డిస్ పని. పెళ్లయిన రెండో ఏడు నుంచీ ఆ ఇంట్లో అదే ఒప్పందం. మొగుడు గురి చూస్తే కొండ కూడా తప్పించుకుంటుందని ఆర్డిస్ చర్చిలో అందరికీ చెప్పేసింది కాబట్టి, అతను కూడా పేచీ పెట్టలేదు.

జూన్‌లో కౌంటీ రివాల్వర్ పోటీ. మోంటానాలోని ఆ లోయలో, గడ్డి కోతలకు ముందు, అందరికీ తీరిక దొరికే శనివారం అదొక్కటే. ఈసారి డెల్మర్ ఉత్సాహంగా ఉన్నాడు. గారేజీలో బల్లకు బిగించిన, ఖాళీ తొడుగుల్లో తుపాకిమందు నింపి తూటాలు చేసే ప్రెస్‌కు పాత చీల తీసేసి, పోస్టులో తెప్పించిన బేరింగులు వేశాడు. పిడి మార్చాడు. ఇరవై ఏళ్ల జిడ్డును కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు పూశాడు. శుక్రవారం పొద్దున వాడుక ప్రకారం చిన్న ప్రార్థన చేసుకుని కూర్చుంటే, వెన్నలో కత్తి దిగినట్టు కదిలింది పిడి. పది గంటలకల్లా వంద తూటాలు. ఆర్డిస్ డబ్బాకు తన పేరు రాసి ట్రక్కులో పెట్టేసింది.

మధ్యాహ్నం ఆమె తమ్ముడు ఇంగ్‌వాల్డ్ కాఫీకి వచ్చాడు. డెల్మర్ అతణ్ణి నేరుగా గారేజీలోకి లాక్కుపోయాడు.

"లాగి చూడు. ఒక్క వేలితో లాగు."

ఇంగ్‌వాల్డ్ లాగాడు, వదిలాడు. మళ్లీ లాగాడు. "బాగుంది బావా. కానీ తొడుగులు నిలబెట్టే ఈ పలక తిరగలేదేం?"

"తిరుగుతుంది. సరిగ్గా చూడు."

"చూస్తూనే ఉన్నా. ఇందాకటి తొడుగే మళ్లీ పైకి లేచింది."

డెల్మర్ వంగి చూశాడు. పిడి కిందికి లాగితే ఇత్తడి తొడుగులోకి మందు పడుతుంది. పిడిని చివరిదాకా పైకి వదిలితే పలక తిరిగి, నిండిన తొడుగు పక్కకు జరుగుతుంది. ఆ చివర అరిగిన చీల ఇన్నేళ్లూ టక్కుమనేది. ఆ టక్కు వినే అతని చెయ్యి కిందికి దిగేది. ఇప్పుడు టక్కు లేదు. చెయ్యి చివరిదాకా పోకుండానే వెనక్కి తిరిగితే పలక కదలదు, అదే తొడుగులో రెండోసారి మందు పడుతుంది. ఆర్డిస్ రివాల్వర్ తూటాలో మందు అడుగున చిటికెడే ఉంటుంది. రెండు చిటికెలు పడినా పొంగదు, బయటికి తెలియదు. తెలిసేది ఆమె చేతిలో రివాల్వర్ బద్దలైనప్పుడే.

"వందలో అట్లాంటిది ఉందో లేదో," అన్నాడు ఇంగ్‌వాల్డ్. "త్రాసులో తూచెయ్యి."

"తొడుగుల బరువుల్లోనే అంతకంటే తేడా ఉంటుంది. తూకానికి దొరకదు."

"అయితే నోరు మూసుకో. అక్కయ్య వింటే ముందు నిన్ను కాలుస్తుంది."

డెల్మర్‌కు ఒక్క క్షణం ఆ సలహా నచ్చింది. నచ్చినందుకు సిగ్గేసింది. ట్రక్కులోంచి డబ్బా తీసుకుని వంటింట్లోకి నడిచాడు. ఆర్డిస్ తీపి వంటకానికి రూబార్బ్ అనే పుల్లటి కాడలు తరుగుతోంది.

"ఇవి కాల్చకు," అన్నాడు. సంగతంతా చెప్పాడు.

ఆమె కత్తి పక్కన పెట్టింది. "నింపేటప్పుడు లోపలికి చూడలేదా?"

"చూశాననే అనుకుంటున్నా."

"అనుకుంటున్నావా?"

"కొత్త బేరింగుల వంకే చూస్తూ ఉండిపోయానేమో."

"పెళ్లిలో కూడా నావంక అంతసేపు చూడలేదు నువ్వు," అంది ఆర్డిస్. చేతులు తుడుచుకుంది. "పదవయ్యా, విప్పుదాం."

విప్పడానికి ప్లాస్టిక్ సుత్తి ఒకటుంది. తూటాను దాని తలలో బిగించి కొయ్య మొద్దు మీద రెండు దెబ్బలు వేస్తే, గుండూ మందూ లోపలే రాలిపడతాయి. డెల్మర్ కొట్టాడు, ఆర్డిస్ మందును చిన్న గిన్నెలోకి ఒంపి చూసింది, ఇంగ్‌వాల్డ్ కాఫీ తాగుతూ వ్యాఖ్యానం చేశాడు. యాభై అయ్యేసరికి, "అన్నీ బంగారంలా ఉన్నాయి, ఇక ఆపండి. సుత్తి చప్పుడుకు నా పళ్లు కదులుతున్నాయి," అన్నాడు.

"కట్టుడు పళ్లేగా," అంది ఆర్డిస్. "డెల్మర్, నువ్వు కొట్టు."

ఎనభై ఎనిమిదో తూటా ఒంపగానే ఆమె చెయ్యి ఆగింది. గిన్నెలో కుప్ప రెండింతలుంది. ఇంగ్‌వాల్డ్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

దేవుడు కాపాడాడు అనబోయాడు డెల్మర్. పొద్దున ప్రార్థన చేసి, చూడాల్సిన చూపు కూడా ఆయనకే వదిలేసి కూర్చున్నది తనే కదా అని గుర్తొచ్చింది. దేవుడికి అప్పగించడానికీ, ఆయన నెత్తిన వేయడానికీ మధ్య గీత ఎక్కడుందో అతనికి ఎప్పుడూ సరిగ్గా తెలియదు. పాస్టరుకైనా తెలుసో లేదో.

"ఇంకా పన్నెండున్నాయి," అంది ఆర్డిస్, కొంచెం మెల్లగా. "ఒకటి దొరికిందంటే రెండోది లేదని కాదు."

రెండోది లేదు. తర్వాత అరవై మళ్లీ నింపారు, పోటీకి ఎన్ని కావాలో అన్నే. ప్రతిసారీ పలక తిరిగిందని డెల్మర్ పైకి చెప్పాలి. గుండు పెట్టేముందు ఆర్డిస్ టార్చి వేసి ప్రతి తొడుగులోకీ తొంగిచూడాలి. రూబార్బ్ వంటకం చేసే వేళ దాటిపోయింది. రొట్టే జున్నూ తిన్నారు.

మర్నాడు పోటీలో ఆర్డిస్ కాల్చే గీత దగ్గర నిలబడి రివాల్వర్ ఎత్తింది. పాయింట్లు రాసే పలక పట్టుకుని వెనక నిలబడ్డ డెల్మర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తూటా మామూలుగా పేలింది. దూరంగా గురికి పెట్టిన ఇనప రేకు ఖంగుమంది.

"కళ్లు తెరిచి రాయి," అంది ఆమె వెనక్కి తిరగకుండానే. "ఇంకా యాభై తొమ్మిదున్నాయి."