మంట తగ్గిన రోజు

ఎనిమిదిసార్లు తిప్పాలి, తలకిందులుగా, మెల్లగా, ఊపకూడదు, ఊపితే నెత్తురు పాడవుతుంది, ఆరేళ్ళుగా ఈ ల్యాబులో ఎన్ని ట్యూబులు తిప్పానో, ఎవరి నెత్తురైనా నాకు ఒకటే అనుకునేదాన్ని, ఇవాళ స్టిక్కరు మీద జంపయ్య, అరవై ఒకటి, మగ అని ఉండేసరికి లెక్క తప్పుతోంది, ఐదా, ఆరా, మళ్ళీ మొదటినుంచి తిప్పు పుష్పా, మా నాయన నెత్తురు కూడా అందరి నెత్తురులాగే చేతిలో వెచ్చగా ఉంది, ఈ పాటి వెచ్చదనం నా వేళ్ళకు తెలుస్తోంది, ఆయన కాలికి మాత్రం నిప్పే తెలియలేదు.

మెషిన్ మూత వేశాను, పన్నెండు నిమిషాలు అంటోంది, దీనికి తొందర లేదు, నాకే ఉంది, ఇప్పపువ్వు రాలే రోజులు ఇవి, టేకులపల్లి అవతల మా ఊళ్ళో ఈపాటికి చెట్ల కింద ఎండాకు ఊడ్చి నిప్పు పెట్టి ఉంటారు, నేల నల్లగా శుభ్రమైతే తెల్లారి రాలిన పువ్వు కంటికి ఆనుతుంది, చిన్నప్పుడు నేనూ ఏరినదాన్నే, బూడిదలో కాలు పెట్టి చురుక్కుమంటే కెవ్వున అరిచి వెనక్కి దూకేవాళ్ళం, ఇంకా ఆరలేదు ఆగుండ్రి అనేవాడు నాయన, నిప్పు ఆరిందో లేదో చూడటానికి మాకు అరికాలే సాధనం, ఇప్పచెట్టు కింద మా వాళ్ళు చెప్పులు వేయరు, కడుపు నింపే చెట్టు, నేనుంటున్న ఖానాపురం హవేలి నుంచి బస్సులో మోసుకెళ్ళిన మెత్తటి షుగరు చెప్పుల్ని మొన్న నాయన దుమ్ము దులిపి మరీ ఇవతలి చెట్టు కొమ్మకు తగిలించాడట, ఎందుకు విప్పినవ్ నాయినా అంటే, ఆడ తొడుక్కుంటరా బిడ్డా అని నన్నే వింతగా చూశాడు, గంపెడు పువ్వు ఏరినాక కాలిన వాసన వచ్చిందట, ఎవడో ఉడుమును కాలుస్తాండని సుట్టూ సూసిన, ఎవ్వలు లేరు, ఇగ కిందికి సూత్తే నా కాలే, అని చెప్పి వార్డులో పక్క మంచం వాళ్ళను కూడా నవ్వించాడు, నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండిపోయింది, చెట్టు మీద, మా ఇంటి వేల్పు మీద, అందరికంటే ఎక్కువ ఆయన మీద.

బీప్ మంది, మూడు నెలల షుగరు పన్నెండు పాయింట్ ఎనిమిది, ఏడు దాటకూడనిది, మరి ఫోన్ చేసినప్పుడల్లా గోళీలు ఏసుకుంటున్నవా నాయినా అంటే అవ్ అవ్ అన్నది ఏంది, మనిషిని అడిగితే మొహమాటపడతాడు, నెత్తురును అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, ఇది నాకు అన్నం పెట్టే విద్య, కన్నతండ్రి దగ్గర మాత్రం నోటిమాటే నమ్మాను, ఇప్పుడు రెండో ట్యూబు, చీము ఒంట్లోకి ఎంత ఎక్కిందో చెప్పేది, నిన్న నూట నలభై, ఇవాళ దిగితే రెండు వేళ్ళతో పోతుంది పుష్పా, ఎక్కితే చీలమండ పైకి తీయాల్సిందే, సాయంత్రానికి తేల్చాలి అన్నారు వెంకటకృష్ణ డాక్టరుగారు, దిగు తల్లీ, ఇంకొంచెం దిగు, మెషిన్‌ను బతిమాలుతున్నాను, నాకు సిగ్గేస్తోంది, నూట ఎనభై ఆరు, కాదు, ఎక్కడో తప్పు పోయి ఉంటుంది, మళ్ళీ పెట్టాను, నూట ఎనభై ఏడు, ఎవరి కాగితమైనా టక్కున సంతకం చేసి ఇచ్చేదాన్ని, ఈ కాగితాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను, మడిస్తే అంకె తగ్గుతుందా ఏమన్నా.

వార్డులో డాక్టరుగారు బాగున్న కాలును చూస్తున్నారు, కట్టు కట్టిన కాలు దిండు మీద ఉంది, ఆయన చేతిలో సన్నటి నైలాన్ దారం, కళ్ళు మూసుకో పెద్దాయనా, తగిలినప్పుడల్లా చెప్పు అన్నారు, బొటనవేలి కింద దారం వంగింది, అవ్ అన్నాడు నాయన, మడమ దగ్గర వంగింది, అవ్, నాకు ప్రాణం లేచివచ్చింది, ఈ కాలన్నా దక్కింది, అప్పుడు డాక్టరుగారు దారాన్ని గాలిలోనే ఆపేశారు, ఎక్కడా తాకించలేదు, అవ్ సారూ అన్నాడు నాయన, ఆగి మళ్ళీ, అవ్, గట్టిగా కళ్ళు మూసుకుని, బడిలో పలక పట్టుకున్న పిల్లాడిలా, పాసైనానా సారూ, నా బిడ్డ ఈడనే నౌకరీ చేస్తది, నా కాడ తప్పు రావొద్దు అన్నాడు, నేను కిటికీ వైపు తిరిగాను, ఆయన ముందు ఏడవకూడదు, ఏడిస్తే దానికి కూడా అవ్ అంటాడు.

ఎప్పటినుంచి స్పర్శ లేదు పుష్పా, అని డాక్టరుగారు మెల్లగా అడిగారు, ఏమో సార్, మూడేళ్ళ కింద మంట ఉండేది, ఏన్కూరులో మిర్చి కోతకు కూలికి పోయి వచ్చాక పట్టుకుంది, మిరపకాయలు రాసినట్టు అరికాళ్ళు మండుతున్నాయని వాగులో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు, మిర్చి ఘాటే అనుకున్నాం, పరీక్ష చేస్తే షుగరని తేలింది, నేనే గోళీలు ఇప్పించాను, ఆ మరుసటేడు కూలికి పోవడం మానేశాడు, తొలకరి రోజుల్లో ఫోన్ చేశాడు, బిడ్డా, మంట పోయింది, కాళ్ళు సల్లగ అయినయ్, ఇగ గోళీలెందుకు అని, మంచిదే నాయినా, గోళీలు మాత్రం ఆపకు అన్నాను, ఈ చేతులతో ట్యూబులు తిప్పుతూనే అన్నాను, నరం బతికి ఉంటేనే మండుతుందని చదువుకున్నదాన్ని, మంట పోయింది సరే, కాలు గిల్లితే తెలుస్తోందా అని ఒక్కమాట అడగలేదు, కాళ్ళ జబ్బు పోయిందనే అనుకున్నాను సార్, అప్పటినుంచే, మంట తగ్గిన రోజునుంచే, జేబులో కాగితం వేళ్ళకు తగులుతోంది, నాయన ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు, ఎవరూ తెరవమనలేదు కదా, ఆయన కాళ్ళు చచ్చిపోయిన రోజు అది, మంట పోయిందని ఆ వారమే మేం వేల్పుకు కోడిని కోసుకుని పండుగ చేసుకున్నాం, నేను లీవు పెట్టి మరీ పోయాను, మారు అడిగి కూర వేయించుకున్నాను.