మెలిక పడిన మఫ్లర్

చిన్నకోడలు అల్లిక పట్టడం అదే మొదలు. తల మీంచి వేసుకుంటే మెడ చుట్టూ కూర్చునే లావుపాటి గుండ్రటి మఫ్లర్ ఒకటి అల్లుకుందామనుకుంది. ఇరవై కుట్లతో మొదలుపెడితే పదో వరసకల్లా అవి ఇరవై ఆరయ్యాయి. అదే ఇంట్లో ఉండే పెద్దకోడలు స్వెట్టర్లు అల్లడంలో అందె వేసిన చెయ్యి. ఆవిడ అది చూసి, “నీ మెడకా, ఏనుగు మెడకా?” అని పడీపడీ నవ్వింది.

చిన్నకోడలు ఆ మాట దిగమింగుకుని అల్లుతూనే పోయింది. మూరెడు పొడవయ్యాక, ఒకరోజు మందుల షాపులో డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చేసరికి సూదులు ఖాళీగా ఉన్నాయి. ఊలంతా ఉండ చుట్టి ఉంది.

“నేనే విప్పేశాను. ఆ తప్పులు చూస్తుంటే కళ్ళు మండిపోయాయి,” అంది పెద్దకోడలు తాపీగా.

చిన్నకోడలికి ఒళ్ళు భగ్గుమంది. ఏడిస్తే ఆవిడకి పండగేనని ఏడుపు ఆపుకుంది. కుర్చీ లాక్కుని, సరిగ్గా ఆవిడ ఎదురుగానే కూర్చుని మళ్ళీ మొదటి వరస ఎక్కించింది. ఈసారి ప్రతి వరసా లెక్కపెట్టుకుంది. ఆవిడ చెయ్యి అల్లిక మీదికి రాబోతే, “ముట్టుకుంటే ఊరుకోనక్కా,” అంది తలెత్తకుండా.

వారం తిరిగేసరికి రెండు కొసలూ కలిపి కుట్టింది. కుట్టడంలో ఒక మెలిక పడింది. అలాగే మెడలో వేసుకుని డ్యూటీకి బయల్దేరింది.

పెద్దకోడలు గుమ్మానికి అడ్డం నిలబడింది. “ఆ మెలికతో వీధిలోకి వెళ్తావా? నేనే నేర్పాననుకుంటారు. నా పరువు పోతుంది!”

“అలా అనుకోనివ్వనులే. నువ్వు నాకు విప్పడం ఒక్కటే నేర్పావని అడిగినవాళ్ళందరికీ చెప్తాను,” అని ఆవిణ్ణి తోసుకుంటూ వెళ్ళిపోయింది.