మేకులు కొట్టినవాళ్ల టెంటు

టార్పాలిన్ల కర్మాగారానికి ఏటా మూడు రోజులు సెలవు. ఆ మూడు రోజులూ అక్కడ మిషను కుట్టే ఆవిడ భర్తతో, అత్తగారితో సరస్సు ఒడ్డుకి వెళ్లేది. బస్సు దిగాక సామాను మోసుకుంటూ గంటన్నర నడక. అక్కడ కరెంటు లేదు, కుళాయి లేదు, ఫోను పలకదు. నాలుగు గోడల మధ్య చేసే పనంతా గోడల్లేకుండా చేయడానికి ఆ ఇంట్లో విశ్రాంతి అని పేరు. నీళ్లు మోయడం, పుల్లలేరడం, పొగలో కళ్లు నలుపుకుంటూ వండటం ఆవిడ వంతు. మడత కుర్చీలో కూచుని గాలి ఎంత బాగుందో చెప్పడం ఆయన వంతు. ఆ పనికి ఆయన ఏ లోటూ రానిచ్చేవాడు కాదు.

టెంటు మేకులు కూడా ఆవిడే కొట్టేది. ఆయనకి నడుం నొప్పి. సరిగ్గా సుత్తి కనపడగానే వచ్చే నొప్పి.

ఆ ఒడ్డున మేకులు ఎవరు కొడితే వాళ్లకి కావలసిన చోటు టెంటు లోపల ఉంటుంది. కాపలా ఆవిడ గేటు దగ్గర కొయ్య సుత్తి చేతికిస్తూ ఈ సంగతి చెబుతుంది, చెత్త నీళ్లలో పడేయొద్దని చెప్పినంత మామూలుగా. పక్క టెంటుకి మేకులు కొట్టింది ఓ ముసలి మాస్టారు. లోపలంతా పుస్తకాల బీరువాలే. కూతురూ అల్లుడూ వాటి సందుల్లో ఒత్తిగిల్లి పడుకుని, వచ్చే ఏడు సుత్తి తామే తీసుకోవాలనుకున్నారు.

ఇన్నేళ్లూ ఆవిడ మేకులు కొడుతూ, ఆయన కాళ్లు చాపుకోవాలనీ, అత్తగారికి గాలి తగలాలనీ, తనకి గుమ్మం దగ్గర కాస్త జాగా చాలనీ అనుకునేది. లోపల అచ్చం అలాగే ఉండేది. అందుకే సుత్తి ఎవరి చేతిలో ఉందో ఆయనెప్పుడూ పట్టించుకోలేదు.

ఈసారి ఆవిడ సంచీలో మడిచిన కాగితం ఒకటుంది. వేరే ఊళ్లో కొత్తగా తెరుస్తున్న కుట్టు విభాగాన్ని నడపడానికి రమ్మన్నారు. ఉండటానికి పదకొండో నంబరు గది ఇస్తామన్నారు. సోమవారం మాట చెప్పాలి. ఆయన కాగితం చదివి, "మరి నా సంగతి?" అన్నాడు. తర్వాత గొంతు మెత్తగా చేసుకుని, సరస్సు దగ్గరికెళ్తే మనసు కుదుటపడుతుందన్నాడు. ఎవరి మనసో చెప్పలేదు.

ఆవిడ ఎనిమిది మేకులు కొట్టింది. దెబ్బదెబ్బకీ ఆ కాగితంలో ఒక్కో వాక్యం గుర్తొచ్చింది.

లోపల ఒక మంచం, ఒక కుర్చీ. కిటికీ కింద బల్ల, బల్ల మీద కొలత టేపు. ఆయన నడుం దాకా దూరి అక్కడే ఇరుక్కున్నాడు.

"ఇదేంటి, నాకు చోటేది?"

"మేకులు కొట్టేటప్పుడు గుర్తు రాలేదండీ," అంది ఆవిడ. అందులో వెటకారమేమీ లేదు. నిజంగానే గుర్తు రాలేదు.

పీకి మళ్లీ కొట్టమన్నాడు. ఒకసారి దిగిన మేకు వెళ్లే రోజుదాకా పీకకూడదని, కావాలంటే తన దగ్గర ఇంకో టెంటుందని, సుత్తి ఆయన చేతికే ఇస్తానని కాపలా ఆవిడ అటుగా వెళ్తూ చెప్పింది. ఆయనకి నడుం గుర్తొచ్చింది. రెండు రాత్రులూ కాళ్లు బయటపెట్టే పడుకున్నాడు. పొద్దున్నే లేచి, మంచుకి తడిసిన మేజోళ్లు పిండుకున్నాడు.

అత్తగారు మాత్రం ఇట్టే లోపలికెళ్లి కుర్చీలో కూచుంది. కిటికీలోంచి సరస్సు కనపడలేదు. ఏదో కొత్త ఊరి వీధి కనపడింది, దుకాణాలు తెరుస్తున్నారు. చాలాసేపు చూసింది.

"నా కాలంలో నేనూ కొట్టానమ్మాయ్ మేకులు. ఒక్కసారి కూడా ఇలా కొట్టలేదు."

కాసేపటికి బయట టకటకమని చప్పుడైంది. కోడలు వెళ్లి చూస్తే, గాలికి కొట్టుకుంటున్న మూల దగ్గర ముసలావిడ మోకాళ్ల మీద కూచుని తొమ్మిదో మేకు దిగ్గొడుతోంది. ఇద్దరూ లోపలికొచ్చేసరికి గోడవారగా ఇంకో మంచం ఉంది.

మూడో రోజు ఆవిడ మేకులన్నీ పీకి, టెంటు దులిపి మడిచింది. మడతలోంచి ఒక రింగు గడ్డిలో పడింది. దానికి రెండు తాళంచెవులు, పదకొండు అని చెక్కిన రేకు బిళ్ల. సోమవారం ఏం చెప్పాలో ఆవిడ ఇంక వెతుక్కోనక్కర్లేదు. ఒక తాళంచెవి తీసి అత్తగారికిచ్చింది. అత్తగారు దాన్ని కళ్లజోడు పెట్టెలో భద్రంగా పెట్టుకుంది.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మరి నా సంగతి?"

"సుత్తి నీ పక్కనే ఉందిగా నాయనా," అంది వాళ్లమ్మ.

ఆడవాళ్లిద్దరూ సామాను చెరో కొసా పట్టుకుని బస్సు దారి పట్టారు. సుత్తి గేటు దగ్గర ఇచ్చేయాలి. ఆయన వంగి దాన్ని తీశాడు. నడుం నొప్పి పెట్టలేదు.