మించి ఎక్కినవాళ్లు

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవలు పుట్టాక. తప్పులుంటే సర్దుకుని చదవండి. నా చేయి నెమ్మది, ఈ కాస్త రాయడానికే వానాకాలం గడిచిపోయింది.

ఏడో నెల పున్నమికి సముద్రం ఒడ్డున స్తంభాలు పాతి, వాటికి ఎద్దుకొవ్వు దట్టంగా పూస్తారు. నలుగురేసి జట్టు. ఒకడి భుజాల మీద ఒకడు నిలబడితే, అందరికంటే పైవాడు కొవ్వు గీకుకుంటూ పాకి, కొసనున్న జెండా కోయాలి. ముందు కోసినవాళ్లు మించి ఎక్కారంటాం, ఆ జట్టు పడవకే ఆ జెండా కడతారు. జెండా ఉన్న పడవ మునగదని మావాళ్ల నమ్మకం.

ఆ ఏడు మా ఊరి స్యూకిమ్‌కు జెండా కావలసి వచ్చింది. వాళ్ల పడవ ఎండాకాలంలో రెండుసార్లు బోల్తా కొట్టింది. కలాసీలు లియోంగ్, అతని తమ్ముడూ మొహమాటం లేకుండా చెప్పేశారు.

"జెండా వస్తే మీతోనే ఉంటాం వదినా. రాకపోతే కోక్‌బింగ్ పడవెక్కుతాం. పెళ్లాం పిల్లలున్నవాళ్లం."

ఆమె మొగుడు ఖుంతెక్ జట్టుకి అడుగున నిలబడే మనిషి. ఆ రోజు నడుముకు మందుపట్టీ వేసుకుని బయల్దేరాడు.

"ఆ నడుముతో నలుగుర్ని మోస్తావా?" అంది స్యూకిమ్.

"ముగ్గుర్నే. నాలుగోవాణ్ణి నేనే."

పక్క స్తంభం కోక్‌బింగ్ జట్టుది. "ముసలి దున్న మీద ఎక్కుతున్నారర్రా, మధ్యలో పడుకుంటుందేమో చూసుకోండి" అన్నాడతను. అందరూ నవ్వారు. ఖుంతెక్ కూడా నవ్వాడు.

డప్పు మోగింది. అందరికంటే పైనున్న ఖుంతెక్ మేనల్లుడు ఆసెంగ్ కిందివాడి భుజాలు వదిలి స్తంభం పట్టుకున్నాడు. మధ్యవాళ్లిద్దరూ దూకి పక్కకు తప్పుకున్నారు. దిగినవాడు మళ్లీ స్తంభం తాకకూడదు. జెండా తెగేదాకా అడుగువాడి వీపు మాత్రం స్తంభానికి ఆనుకునే ఉండాలి.

ఆసెంగ్ ముప్పావు వంతు ఎక్కేసరికి ఖుంతెక్ మోకాళ్లు వంగాయి. అతను పక్కకు ఒరిగిపోతుండగానే స్యూకిమ్ చూసేవాళ్ల కోసం ఇసుకలో గీసిన గీత దాటి వచ్చి, స్తంభానికి వీపు ఆనించి నిలబడింది. ఆడవాళ్లు ఎప్పుడూ ఆ గీత దాటలేదు.

"పోవే అవతలికి, జనం చూస్తున్నారు" అన్నాడు ఖుంతెక్ ఇసుకలో పడి.

"చూడనీ. నువ్వు పైకి చూడు."

కోక్‌బింగ్ మనిషి ఇంకా మూరెడు కింద ఉండగానే ఆసెంగ్ జెండా కోశాడు.

"ఇది చెల్లదు పెద్దయ్యా, మధ్యలో ఆడమనిషి వచ్చింది" అన్నాడు కోక్‌బింగ్.

పోటీకి తీర్పు చెప్పే గుడి పెద్ద లావ్ తాత నోట్లో వక్క పక్కకు తోసుకున్నాడు. "మించి ఎక్కారని మనం ఎవర్నంటాం? జెండా కోసినవాణ్ణేనా?"

"కాదు, జట్టు మొత్తాన్ని."

"స్తంభం అడుగు ఒక్క క్షణమైనా ఖాళీగా ఉందా?"

కోక్‌బింగ్ స్తంభం అడుగు వైపు చూశాడు. "లేదు."

"అయితే మించి ఎక్కింది ఐదుగురు. ఐదోమనిషి రాకూడదని మనం ఎప్పుడూ అనుకోలేదు. కావాలంటే వచ్చే ఏడు అనుకుందాం."

మర్నాడు ఉదయం జెండా కట్టిన పడవ దగ్గరికి లియోంగ్ ఒక్కడే వచ్చాడు.

"తమ్ముడు రాడట. ఆడమనిషి ఆనిన స్తంభం మీది జెండా అంటే వాడికి భయం."

"నీకు లేదా?"

"నాకూ భయమే వదినా. కానీ మీకు మాటిచ్చాక కోక్‌బింగ్ ఇంటి అన్నం తినలేను."

ఖుంతెక్ మంచం మీంచి లేవలేదు. ఆసెంగ్, లియోంగ్ పడవను నీళ్లలోకి తోశారు. ఇద్దరితో వల లాగడం అయ్యే పని కాదు. స్యూకిమ్ ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి తనూ ఒక చెయ్యి వేసింది. పడవ తేలాక అంచు పట్టుకుని ఎక్కి, వల పక్కన కూర్చుంది. దిగమని ఎవరూ అనలేదు.

పాన్ అబీ, డెబ్బై మూడేళ్లు. ఇప్పుడు తైవాన్‌లోని కావోశుంగ్‌లో, పెద్దకూతురి ఇంట్లో ఉంటున్నాను.