అమెరికా కుర్చీకి తిప్పన్న మీసం

ఎక్కడి అమెరికా, ఎక్కడి మా ఊరు బెళుగుప్ప! కానీ ఆ రెండువేల సంవత్సరం నవంబరులో మా ఆయన తిప్పన్నకు ఇంటి ధ్యాస లేదు, పొలంలో శనక్కాయ ధ్యాసా లేదు. పొద్దున లేస్తే హోటల్లో టీవీ ముందే.

కారణం ఉంది. ఊరి పెద్ద శ్రీరంగప్ప వెనక మా ఆయన ఎనిమిదేళ్లు జెండా మోశాడు. ఈసారి సర్పంచి సీటు నీదేనని మాటిచ్చిన ఆ పెద్దమనిషి, తీరా ఎన్నికలు దగ్గరపడేసరికి కొడుకు పేరెత్తాడు. అమెరికా ప్రెసిడెంటు ఎన్నికల్లోనూ అదే కథ. ఎనిమిదేళ్లు వైస్ ప్రెసిడెంటుగా పక్కన నిలబడిన గోర్ ఒకవైపు, పాత ప్రెసిడెంటు కొడుకు బుష్ ఇంకోవైపు. ఇంకేం, ఊరు రెండుగా చీలింది!

"నాయన కుర్చీ కొడుక్కి గాక ఇంకెవరికి పోతాదప్పా?" అన్నాడు శ్రీరంగప్ప హోటల్లో.

మా ఆయన బల్ల గుద్దాడు. "చాకిరీ చేసినోనికి పోతాది! పందెం కాస్తా అన్నా. గోర్ గెలిస్తే సర్పంచి సీటు నాకియ్యాల. బుష్ గెలిస్తే మీసం తీసేసి పోటీలోంచి తప్పుకుంటా."

మీసం మీద పందెం కాస్తే మా వైపు ఎవరూ వెనక్కి పోరు. ఈ మొండిఘటం అసలే పోడు. నాకు ఒళ్లు మండిపోయింది.

లెక్కింపు రోజు మధ్యాహ్నం బుష్ గెలిచాడని టీవీలో చెప్పారు. శ్రీరంగప్ప మనుషులు టపాకాయలు పేల్చి, క్షౌరం చేసే కుళ్లాయప్పను అక్కడికే పిలిపించారు. నేను పరుగెత్తి వెళ్లేసరికే ఎడమవైపు మీసం పోయింది.

అంతలో టీవీ దగ్గర కేకలు. "ఆపండప్పో! ఇంకా తేల్లేదంట! మళ్లా లెక్కబెడతారంట!"

మా ఆయన ఎగిరి దూకాడు. మూతికి సబ్బు నురగతోనే వీధంతా ఈలలేసుకుంటూ తిరిగాడు. నా కోపం ఎటుపోయిందో, పడీపడీ నవ్వాను.

ఆ లెక్క తెగితేగా! తువ్వాలు మూతికి చుట్టుకుని బయట తిరిగేవాడు, ఇంట్లో కుడి మీసానికి నూనె రాసుకునేవాడు. చివరికి డిసెంబరులో తేలింది. దేశం మొత్తమ్మీద ఓట్లు గోర్‌కే ఎక్కువట, పెద్ద కోర్టు తీర్పుతో కుర్చీ మాత్రం కొడుక్కేనట.

"ఆడ గూడా ఇంతేనా సిద్దమ్మా?" అన్నాడు నాతో.

మాట తప్పే మనిషి కాదు. హోటలు ముందు అందరూ చూస్తుండగా కూర్చుని మిగతా మీసం తీయించుకున్నాడు.

"పోటీ మాట గూడా గుర్తుండాది కదా?" అన్నాడు శ్రీరంగప్ప నవ్వుతూ.

ఇక ఆగలేకపోయాను. "మా ఆయన నిలబడడులే అన్నా, మాటంటే మాటే. నేను నిలబడతా!"

"నువ్వా? పందెం ఓడిపోయినారు కదమ్మా!"

"పందెం మీసమున్నోళ్లది కదన్నా! నాకు యాడుండాది మీసం?"

హోటలంతా గొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా ఈల వేసింది మాత్రం బోసి మూతి తిప్పన్నే.