టకటక లేని బండి

మెకానిక్ కారు తాళాలు నా చేతికిస్తూ, "వినండమ్మా, ఒక్క చప్పుడు లేదు," అన్నాడు, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడి మొహం పెట్టి. నాకు ఒళ్లు మండింది.

"టకటక ఏది?"

"ఏ టకటకమ్మా?"

"స్టార్ట్ చేస్తే వచ్చేది. గేరు మారుస్తుంటే ఆగి, మళ్లీ వచ్చేది."

"అదే కదమ్మా జబ్బు. ఇంజను దింపి బాగు చేసింది అదే."

ఆ జబ్బు తిరిగి రావాలనే బండి తెచ్చానని ఇతనితో ఎలా చెప్పను? మా ఆయన మందుల కంపెనీ మనిషి. ఊళ్లు తిరిగి సాయంత్రం ఇంటికొస్తుంటే ఆ టకటక వీధి మలుపులోనే వినపడేది. నేను ఎంత హడావిడిగా బట్టలు కుడుతున్నా, మిషను మీద నా కాలు దానంతటదే ఆగిపోయేది. లేచి వెళ్లి టీకి నీళ్లు పెట్టేదాన్ని. ఇంజను దింపాల్సిందేనని ఈ మెకానిక్కే ఎన్నోసార్లు పోరుపెట్టాడు. "నడుస్తోందిగా," అనేవాడు మా ఆయన. చివరికి ఆయనే ముందు ఆగిపోయాడు. గుండెపోటు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం నేనే బండి స్టార్ట్ చేసి, లోపలికొచ్చి మిషను ముందు కూర్చునేదాన్ని. బయట టకటక. ఎవరో వచ్చినట్టే ఉండేది. ఎవరో ఏమిటి, ఆయనే. వంటింట్లోంచి మా అమ్మాయి దగ్గుతూ, "అమ్మా, ఈ పొగ దోమలకా, నాకా? పొమ్మంటే పోతాగా," అనేది. నవ్వేదాన్ని గానీ బండి ఆపేదాన్ని కాదు. అసలే అరిగిన ఇంజను, కదలకుండా అలా నడిచీ నడిచీ ఒకరోజు బిగుసుకుపోయింది. టకటక లేని సాయంత్రాలు గడపలేక బండిని ఇక్కడికి తోయించుకొచ్చాను. బాగు చెయ్యమన్నానే గానీ, ఆ చప్పుడు ఉంచమని చెప్పలేదు. నా బుద్ధి గడ్డి తింది.

"లోపలన్నీ కొత్తవి," అంటున్నాడు మెకానిక్. "పిస్టన్లు, రింగులు, బేరింగులు. ఒకదానితో ఒకటి సర్దుకునేదాకా, వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. అలాగని ఒకే స్పీడులో పోకండి. ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేరులో లాగించకండి. గట్టిగా తొక్కారో, అంతే."

"తొక్కితే ఏమవుతుంది?"

"పాడైపోతుందమ్మా. మళ్లీ ఆ టకటకే."

నా చెవుల్లో అమృతం పోసినట్టయింది.

అయినా కొన్నాళ్లు బుద్ధిగానే నడిపాను. కుట్టిన బట్టలు వెనక సీట్లో వేసుకుని ఇళ్లకు ఇచ్చి వచ్చేదాన్ని. వెనక బస్సులవాళ్లు హారన్లతో నా వంశాన్నంతా తలుచుకునేవారు. సైకిల్ మీద ఒక పెద్దాయన నన్ను దాటిపోతూ జాలిగా చూశాడు. ఇంజను మాత్రం కిక్కురుమనేది కాదు. ఇంటికొచ్చి బండి ఆపితే, తలుపు తీసుకుని లోపల నిలబడేదాకా మా అమ్మాయికి నేనొచ్చినట్టే తెలిసేది కాదు.

ఒక ఆదివారం ఇక ఉండబట్టలేకపోయాను. ఊరి బయట ఎత్తు రోడ్డుకి వెళ్లి, పెద్ద గేరులోనే ఉంచి తొక్కాను. ఇంజను మూలిగింది. ఇంకా తొక్కాను. అద్దం దించి చెవి బయటికి పెట్టాను. వేడి చూపించే ముల్లు పైకి పాకుతోంది. సగం ఎత్తు ఎక్కేసరికి లోపల్నుంచి సన్నగా మొదలైంది, టక టక అని. "వచ్చావా," అన్నాను పైకే.

కానీ అది ఆయన చప్పుడు కాదు. ఆయనది తీరిక చప్పుడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్లీ అందుకునేది. ఇది ఊపిరాడనివాడి దగ్గు. అన్నేళ్లు ఆయన కాలి కింద అరిగి అరిగి వచ్చినదాన్ని నేను ఒక్క పూటలో ఎక్కణ్ణుంచి తెస్తాను? కాలు తీసేశాను. పక్కకి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని బావురుమన్నాను. ఆయన కావాలి నాకు, అంతే. ఇంజను చల్లబడ్డాక నెమ్మదిగా ఇంటికొచ్చాను. మళ్లీ ఎప్పుడూ అలా తొక్కలేదు.

వెయ్యి పూర్తయ్యాక ఆయిల్ మార్పించడానికి వెళ్లాను. మెకానిక్ తనే బండెక్కి వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. దిగుతూ నవ్వాడు.

"చక్కగా సర్దుకుందమ్మా. పూర్తిగా మీ కాలికి అలవాటు పడిపోయింది. నేను తొక్కితే, ఎవడో కొత్తవాడొచ్చాడని మొరాయిస్తోంది."

మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇప్పుడు మా ఆయన తిరిగొచ్చి ఆ సీట్లో కూర్చున్నా అంతేనన్నమాట. ఆయనా కొత్తవాడే దీనికి.

నా మొహం చూసి అతను కంగారుపడ్డాడు. "ఏంటమ్మా, ఏదైనా చప్పుడు వస్తోందా?"

"లేదు," అన్నాను. "ఏమీ రావడం లేదు."