కుడి భుజం మీది మూల

ఇల్మో రంతకారి గత పదమూడేళ్లలో పదకొండు ఐస్ హాకీ జట్లకు గోల్ కాశాడు. ఒక్క జట్టులోనూ తన సరుకు మొత్తం పరచి చూపలేదు.

గోల్ కాయడమంటే బేరమాడడమే అని అతని లెక్క. పక్ అనే రబ్బరు బిళ్లతో దూసుకొచ్చేవాడు కొనడానికి వచ్చినవాడు. తాను అమ్మనని కూర్చున్నవాడు. ఇద్దరిలో ఎవరు ముందు కదిలితే వారు తమ ధర బయటపెట్టినట్టే. ఈ సంగతి అతనికి పుట్టుకతో తెలియలేదు. ఇరవై నాలుగో ఏట, డెన్మార్క్‌లో ఆడుతున్నప్పుడు తెలిసింది. రెండు సీజన్లు తన పక్క మేకుకే బట్టలు తగిలించుకున్న మిత్రుడొకడు జట్టు మారి, మరుసటి శరదృతువులో ఎదురుపడి, ఒకే ఆటలో మూడు గోల్స్ కొట్టాడు. పైగా ఆట అయ్యాక వచ్చి వీపు తట్టాడు.

"రోజూ చూశాను కదరా నిన్ను. కళ్లు మూసుకుని కొట్టినా పోతాయి."

ఆ మాటకు ఇల్మోకి కోపం రాలేదు, బుద్ధి వచ్చింది. ఇవాళ తన జట్టువాడు ఎల్లుండి తన మీదికే వచ్చేవాడు. ఊరూరూ తిరిగి పొట్టపోసుకునే గోల్‌కీపర్‌కు ఇందులో తప్పించుకునే దారి లేదు. మరి రోజూ సాధనలో వాళ్లకు అసలు రంగు చూపడం దేనికి?

అప్పటినుంచి ఏ ఊళ్లో చేరినా సాధనలో అతని కుడి భుజం రవ్వంత ముందుగా వంగేది. దాంతో గోల్‌లో ఆ భుజం పైనున్న మూల రెండు అరచేతుల మేర తెరుచుకునేది. గోల్ కొట్టడం ఇష్టపడని ఆటగాడు ఉండడు. వారం తిరక్కుండా జట్టంతా ఆ మూలను కనిపెట్టేది. ఇల్మో తిట్టుకుంటూ, తల ఆడిస్తూ, వలలోంచి పక్ ఏరి ఇచ్చేవాడు. అసలు ఆటలో మాత్రం ఆ భుజం వంగేది కాదు. తర్వాత వాళ్లలో ఎవరో జట్టు మారి, వేరే రంగు చొక్కా వేసుకుని ఎదురొచ్చి, చూడకుండానే ఆ మూలకు కొట్టేవాడు. ఇల్మో కుడిచేతికి తొడుక్కున్న పలక అడ్డం పెట్టేవాడు. పక్ వెళ్లి జనంలో పడేది. కొట్టినవాడు తన కర్రను తిప్పి తిప్పి చూసుకునేవాడు, తప్పు దానిదైనట్టు.

"ప్రతి ఊళ్లో ఒక అబద్ధం నాటి వస్తావు నువ్వు" అనేది అతని భార్య సనెల్మా.

"నాటితే సరిపోదు. పంట కోసుకోవడం కూడా రావాలి" అనేవాడు ఇల్మో.

ఫిన్లాండ్ తూర్పు వైపు సరస్సుల మధ్య ఉన్న హౌకివారా అతని పదకొండో ఊరు. రెండో శ్రేణి జట్టు. జనవరిలో చేరాడు, వసంతం దాకా ఒప్పందం. ఊళ్లోని ఆరోగ్యకేంద్రంలో సనెల్మాకి నర్సుగా స్థిరమైన ఉద్యోగం దొరికింది. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమెకు ఏడాది దాటి ఉండే పని దొరకడం ఇదే మొదలు.

"నేనిక కదలను. నువ్వు ఎక్కడుంటావో నువ్వే తేల్చుకో" అంది ఆమె. కోపంగా కాదు, మామూలుగా అంది. అందుకే ఇల్మో ఆ మాటను తూకం వేసి చూసుకున్నాడు. ముప్పై ఏడేళ్ల వయసులో మళ్లీ ఏ స్లొవాకియాలోనో ఒంటరి గదిలో సాసేజీలు వేయించుకుంటూ బతకడమా, ఇక్కడే రెండేళ్ల ఒప్పందం సంపాదించడమా. రెండోదే కావాలి అనుకున్నాడు. అనుకున్నాక దొరుకుతుందా లేదా అని బెంగపడలేదు. తనకంటే మంచి గోల్‌కీపర్ ఆ శ్రేణిలో లేడని అతనికి తెలుసు.

కోచ్ పెర్తు సావొలా ఆ సంగతి అందరి ముందే తేల్చాడు. వసంతకాలపు పోటీల్లో ఎవరు గోల్ కాస్తే, రెండేళ్ల ఒప్పందం వాళ్లదే. ఇల్మో కాకుండా ఉన్నది ఎల్మెరి, ఇరవై రెండేళ్లవాడు. మంచి కుర్రవాడే కానీ తొందరెక్కువ. ప్రతి బేరంలోనూ ముందు తనే ధర చెప్పేసేవాడు.

పోటీలు ఇంకా పది రోజులున్నాయనగా, బుధవారం పొద్దున్న, పెర్తు తన గదికి పిలిచాడు. కాఫీ పోసి ఇచ్చాడు. కాఫీ ముందే పోశాడంటే మంచి వార్త కాదని ఇల్మోకి అర్థమైంది.

"నీ కుడి భుజం ఎన్నాళ్లుగా నొప్పి?"

"నొప్పేమీ లేదు."

"నాకు చెప్పకు. నేనూ పద్నాలుగేళ్లు ఆడాను, సూదులు పొడిపించుకుని అబద్ధాలాడినవాణ్నే." పెర్తు ఒక కాగితం ముందుకు తోశాడు. "ఆరు వారాల సాధనలో నీ మీద పడ్డ గోల్స్ ఇవి. సగానికి సగం ఒకే మూల. మ్యాచ్‌లలో ఇంకా ఎవడూ పసిగట్టలేదు, నీ అదృష్టం. కానీ మనకి మొదట తగిలే జట్టులో నీతో ఆడినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లకి తెలీదంటావా?"

ఇల్మో కాఫీ గుటకేశాడు. తెలుసు, బాగా తెలుసు, వాళ్లకు తెలియాలనే కదా ఇన్నాళ్లు కష్టపడింది.

"ఎల్మెరిని దింపుతున్నాను" అన్నాడు పెర్తు. "నీకు ముందుగా చెప్పడం మర్యాద అనిపించింది."

అంగడి మూతపడే వేళ సరుకు దాచుకున్నవాడు బుద్ధిమంతుడు కాదు. ఇల్మో కప్పు కింద పెట్టాడు.

"సాయంత్రం రింక్ ఖాళీగా ఉంటుంది. నీ పాత కర్ర తీసుకురా. ముప్పై కొట్టు ఆ మూలకి. తలుపులు వేయించు."

పెర్తు వచ్చాడు. పరికరాలు చూసే ముసలి తౌనో బకెట్టు నిండా పక్‌లు తెచ్చి గుమ్మరించాడు. పెర్తు రక్షణలో ఆడే రోజుల్లో అతని దెబ్బకు అడ్డొచ్చినవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకునేవారు. ఆ దెబ్బలో పస ఇంకా తగ్గలేదు. ముప్పై కొట్టాడు. ఇరవై తొమ్మిది ఇల్మో పలకకు తగిలి పక్కకు పోయాయి. ఒకటి గోల్ స్తంభానికి తగిలి టంగుమంది.

"ఆ ఒక్కటీ లోపలికి పోయేదే" అన్నాడు తౌనో, పక్‌లు ఏరుతూ.

"స్తంభం కూడా నాదే తౌనో" అన్నాడు ఇల్మో.

పెర్తు నవ్వలేదు. కర్ర మీద గడ్డం ఆనించాడు. ఇల్మో విషయమంతా విప్పి చెప్పాడు, డెన్మార్క్ దగ్గర్నుంచి. చెబుతున్నంతసేపూ పెర్తు మెచ్చుకుంటాడనే అనుకున్నాడు.

"ఒత్సో ఎన్ని గోల్స్ కొట్టాడో తెలుసా, నువ్వు రాకముందు?" అన్నాడు పెర్తు. జట్టులో ఎక్కువ గోల్స్ కొడుతూ వచ్చిన కుర్రవాడు ఒత్సో.

"పంతొమ్మిది."

"వచ్చాక?"

ఇల్మో ఆలోచించాడు. ఒకటి. పన్నెండు ఆటల్లో ఒకటి.

"మ్యాచ్‌లలో పద్దెనిమిది సార్లు ఆ మూలకే కొట్టాడు. పద్దెనిమిదీ అవతలి గోల్‌కీపర్ చేతికి, లేకపోతే గోల్ వెనక అద్దానికి. ఎందుకు కొడుతున్నాడో అర్థంకాక నా తల పగిలింది. రోజూ పొద్దున నువ్వే కదయ్యా వాడికి ఆ మూల తినిపిస్తున్నావు! ఎవడి దగ్గరా లేని సందు అది. నీ దగ్గర కూడా లేదు. వాడి చేతులు దానికి అలవాటు పడిపోయాయి. తలెత్తి చూడ్డం మానేశాడు."

పదమూడేళ్ల లెక్కలో ఈ వరుస ఇల్మోకెప్పుడూ కనబడలేదు. రేపటి శత్రువును మోసం చేస్తున్నాననుకున్నాడు. ఇవాళ్టి జట్టువాడు ఆ విషం ముందే తింటున్నాడని లెక్కలోకి తీసుకోలేదు. వెనకటి పది జట్లలోనూ ఎందరు ఒత్సోలు గోల్స్ పోగొట్టుకుని, దేనివల్లో తెలియక బెంచీ మీద కూర్చున్నారో ఎవరికి తెలుసు.

అయినా బేరగాడు బేరగాడే.

"రేపటినుంచి మూసేస్తాను" అన్నాడు. "కానీ మూసేశానంటే ఇక ఈ జట్టులో అందరికీ నా అసలు ఆట తెలిసిపోతుంది. రెండేళ్ల ఒప్పందం రాసివ్వు, మూస్తాను."

"ముందు మూయి."

"ముందు రాయి."

"ఇల్మో" అన్నాడు పెర్తు, కర్ర భుజాన వేసుకుంటూ, "వెళ్లిపోయేవాడిలా ఆడుతూ ఉండిపోయేవాడి కాగితం అడుగుతున్నావు. ఏదో ఒకటి తేల్చుకో. ఒత్సోకి నేను చెప్పను. నువ్వే చెప్పు."

మర్నాడు గురువారం. సాధనలో ఇల్మో భుజం ఎప్పటిలాగే వంగింది. వంచకుండా ఉందామనుకున్నా వంగింది. ఒత్సో ఎప్పటిలాగే కొట్టాడు, చేతులెత్తి ఒక చుట్టు తిరిగాడు. సాధన అయ్యాక బఠాణీ సూప్ తాగి అందరూ ఆవిరి గదికి పోయారు. ఒక్కొక్కరే లేచి వెళ్లగా చివరికి పై మెట్టు మీద ఇద్దరే మిగిలారు.

"ఏం తాతా, ఇవాళ ఆరు పెట్టాను నీ మీద" అన్నాడు ఒత్సో, చెమట తుడుచుకుంటూ. "మ్యాచ్‌లో కూడా నువ్వే ఎదురుగా ఉంటే బాగుణ్ను."

"ఆరూ నేనే ఇచ్చాను."

"అబ్బో."

"నిజంగా. జనవరి నుంచీ ఇస్తున్నాను." మొత్తం చెప్పాడు. ఆవిరి గదిలో అరవకూడదని ఆ దేశపు ఆచారం. అక్కడ కూర్చున్నవాళ్లు అందరూ ఒకటే. ఒత్సో అరవలేదు. పక్కనున్న గరిటె తీసుకుని కాలిన రాళ్ల మీద నీళ్లు పోశాడు. మళ్లీ పోశాడు. మూడోసారి కూడా. లేచిన ఆవిరికి ఇల్మో చెవులు కాలిపోయాయి. దిగి పోతే ఓడినట్టు, అందుకని కూర్చున్నాడు.

"మా నాన్న ప్రతి మ్యాచ్ అయ్యాక ఫోన్ చేసి 'నీకేమైందిరా' అంటున్నాడు" అన్నాడు ఒత్సో చివరికి. "కర్ర మార్చాను. స్కేట్లు మార్చాను. కూర్చునే చోటు కూడా మార్చాను, తెలుసా? ఆ ఎల్మెరిగాడి పక్కన కూర్చుంటున్నాను, వాడి సాక్సు కంపు భరిస్తూ!"

"అది నా తప్పు కాదు."

"నీ తప్పే! అంతా నీ తప్పే!" ఇంకో గరిటె పోశాడు. "నేనేం చేశాను నీకు?"

"నువ్వేం చేయలేదు. చేస్తావేమోనని ముందే చేశాను."

ఒత్సో అతని వంక చూశాడు. "పాపం తాతా. అలా ఎలా బతికావయ్యా ఇన్నాళ్లు?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకైతే బదులు చెప్పొచ్చు. ఇల్మో "పొద్దున చూసుకుందాం" అని దిగి బయట మంచులోకి నడిచాడు.

శుక్రవారం పొద్దున అతను ఏ కాగితమూ అడగలేదు. గోల్ ముందు ఐస్‌ను స్కేట్లతో బాగా గీరి గరుకు చేసుకున్నాడు, రెండు స్తంభాలూ కర్రతో తట్టి నిలబడ్డాడు. మొదట వచ్చింది ఒత్సో. మూలకే కొట్టాడు. అలవాటు అంత తేలిగ్గా పోదు. పలకకు తగిలింది. రెండోసారి, మూడోసారి, ఏడోసారి కూడా. మిగతావాళ్లకు విషయం తెలియదు.

"ఏరా ఒత్సో, తాత ఇవాళ ఏం తిన్నాడు?" అని వెనక నుంచి కేకలు.

"ఏం తినలేదు, తినిపించడం మానేశాడు" అన్నాడు ఒత్సో.

పదోసారి అతను మెల్లగా వచ్చాడు. వస్తూ వస్తూ తలెత్తాడు. మాస్కు వెనక నుంచి ఇల్మోకి ఆ కళ్లు కనిపించాయి. ఆరు వారాల్లో ఆ కళ్లను ఆట నడుస్తుండగా చూడడం ఇదే మొదటిసారి. కొట్టలేదు. ఆగాడు. ఇంకా ఆగాడు. ఇల్మో మోకాలు జానెడు కదిలింది. అంతే, పక్ ఎడమ కాలి ప్యాడ్ కింద నుంచి జారి వలలో పడింది.

ఒత్సో చేతులెత్తలేదు. గోల్ చుట్టూ తిరిగి వచ్చి, "ఇది కూడా ఇచ్చావా?" అని అడిగాడు.

"లేదు. ఇది నువ్వే గుంజుకున్నావు" అన్నాడు ఇల్మో. గుండెలో చిన్న మంట. అసలు ధర ఒకడికి తెలిసిపోయింది. ఆ మంటతో పాటే వింతగా ఒక తేలిక కూడా.

చెక్క అంచు దగ్గర నిలబడ్డ పెర్తు ఈల ఊదాడు. దగ్గరకు వచ్చి, ఇల్మో మాస్కు మీద వేలితో తట్టాడు.

"రేపు కాక పై శనివారం, మొదటి ఆట నీది. మిగతావీ నీవే. కాగితం నా టేబులు మీద ఉంది, నిన్ననే రాయించాను. తీసుకెళ్లి మీ ఆవిడకి చూపించు."

"నిన్ననేనా? మరి ముందు మూయమన్నావు?"

"నువ్వు మూయకపోతే ఎల్మెరి పేరు రాసేవాణ్ని. పేరు చోటు ఖాళీగా ఉంచాను. నాకూ బేరాలు వచ్చులే."

ఇల్మో పెద్దగా నవ్వాడు. చాలాకాలానికి ఎవరో తనకంటే మెరుగైన బేరం ఆడారు. ఎదురుగా ఇరవై రెండు మంది వరుస కట్టి ఉన్నారు. వచ్చే శరదృతువుకు వాళ్లలో నలుగురైదుగురు వేరే చొక్కాల్లో వస్తారు, తన మోకాలు ఎప్పుడు కదులుతుందో తెలుసుకుని మరీ వస్తారు. రానీ. అప్పటికి ఆ మోకాలును ఇంకాస్త ఆపడం నేర్చుకుంటే సరి. ఆరు నెలల గడువుంది. ఇక్కడే ఉంటాడు.

"ఎవర్రా తర్వాత?" అని కర్రతో స్తంభం మీద కొట్టాడు. "తలెత్తుకుని రండి. ఇవాళ్టినుంచి ఉచితంగా ఏదీ దొరకదు."